మూడు మంగలికత్తుల గురించి అల్లుడికి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

ఊరి నుంచి తెచ్చిన ట్రంకు పెట్టెలో మా నాన్నగారి మంగలికత్తులు మూడు దొరికాయనీ, వాటిని అద్దంలా మెరిపించి వాటితోనే గడ్డం గీసుకోవాలని ముచ్చటపడుతున్నావనీ, అందుకోసం చేతిలో ఇమిడే మోటారు పరికరం ఒకటి కొనబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. నీవు పంపిన ఫొటోలు కూడా చూశాను. ఫోనులో చెబితే సగం చెవిలోనే ఉండిపోతుంది కనుక, పని చేసేటప్పుడు పక్కన పెట్టుకొని చూసుకోవడానికి వీలుగా కాగితం మీద పెడుతున్నాను. ముందుగా ఒక మాట: మోటారు కొనవద్దు.

ఆ పెట్టెలో నిజానికి నాలుగు కత్తులు ఉండాలి. నాలుగోదాన్ని పాడుచేసినది నేనే. అప్పుడు నేను టూల్‌రూమ్‌లో అప్రెంటిస్‌ని. లోహం సంగతి నాకన్నా ఎవరికీ తెలియదని అనుకునే వయసు. నాన్నగారికి చెప్పకుండా ఒక కత్తిని సంచిలో వేసుకొని వెళ్లి, మధ్యాహ్నం భోజనాల వేళ బఫింగ్ చక్రం, అంటే లోహానికి మెరుగు పెట్టే మోటారు చక్రం మీద పెట్టాను. అరనిమిషంలో మచ్చలన్నీ పోయి వెండిలా మెరిసింది. ఇంకొక్కసారి అనుకుంటూ కొన వైపు తిప్పి ఆనించాను. అంచు దగ్గర సన్నగా ఎండుగడ్డి రంగు గీత ఒకటి పుట్టింది. చూస్తుండగానే అది వంకాయ రంగుకు, ఆ వెంటనే నీలానికి తిరిగింది. ఉక్కు మీద ఆ గడ్డి రంగు సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నీలం 300 డిగ్రీల దగ్గర కనిపిస్తాయి. మంగలికత్తిని తయారీలో అంతకన్నా తక్కువ వేడి మీదనే టెంపర్ చేస్తారు, అంటే గట్టిపరచిన ఉక్కును మళ్లీ కాస్త వేడిచేసి పెళుసుదనం తగ్గిస్తారు, కనుక, నీలం కనిపించిన చోట గట్టిదనం పోయినట్టే. కత్తి వీపు, అంటే అంచుకు ఎదురు వైపు, లావుగా ఉంటుంది, వేడిని తట్టుకుంటుంది. అంచు మాత్రం కాగితంలా ఉంటుంది. వేడి పోవడానికి అక్కడ దారి లేదు. ఆ కత్తిని ఆ తరువాత ఎంత నూరినా పదును రెండు రోజులు నిలవలేదు. నాన్నగారు తిట్టలేదు కానీ, దాన్ని ఉత్తరాల కవర్లు కోయడానికి బల్ల మీద పెట్టుకున్నారు. నేను ఇంటికి వెళ్లినప్పుడల్లా అది నా కంట పడేది. అప్పటి నుంచీ నాది చేతిపనే. నీవు కూడా చేత్తో రుద్దేటప్పుడు కత్తి వేలికి వేడిగా తగిలితే ఆగి, చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టు.

ఇప్పుడు నీ దగ్గర ఉన్న మూడింటి సంగతి. పిడిలోపలికి వెళ్లే మెడ భాగం మీద ముద్ర ఉంటుంది, దాన్ని భూతద్దంతో చదువు. ఒకదాని మీద సోలింగెన్ అని నాకు ఫొటోలోనే కనిపించింది. అది జర్మనీలో కత్తుల ఊరు. రెండోది ఇంగ్లండులోని షెఫీల్డుది. ముద్రలో ఊరితో పాటు దేశం పేరు కూడా ఉంటే కత్తి వయసు కొంత ఊహించవచ్చు: దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండి తీరాలని అమెరికా 1890లో సుంకాల చట్టం చేసిన తరువాత యూరపు కంపెనీలు ఆ పేరును విరివిగా కొట్టడం మొదలుపెట్టాయి. సోలింగెన్ కత్తిని కొన వైపు నుంచి చూస్తే రెండు పక్కలా లోపలికి గుంట తీసినట్టు ఉంటుంది. షెఫీల్డుది వీపు నుంచి అంచు దాకా దాదాపు ఏకవాలుగా, చెక్క చీల్చే గొడ్డలిలా బరువుగా ఉంటుంది. మూడోదాని మీద ముద్రే లేదు, కొన విరిగింది, ఒళ్లంతా తుప్పు. నీవు మొదలుపెట్టవలసినది దానితోనే. అది పాడైనా పోయేదేమీ లేదు, చేతికి పని మాత్రం వస్తుంది. ఇంకా ఒకటి రెండు పాడు కత్తులు కావాలంటే పాత సామాన్ల అంగళ్లలో వెతుకు. నాన్నగారు ఆ షెఫీల్డు కత్తిని సెంట్రల్ స్టేషను పక్కన ఉండిన మూర్ మార్కెట్‌లోనే కొన్నారు. ఆ మార్కెట్ 1985లో కాలిపోయింది.

కొనే ముందు గాని, పని మొదలుపెట్టే ముందు గాని, కత్తిని వెలుతురుకు ఎత్తి పట్టుకొని అంచు వెంబడి చూడు. వెంట్రుకవాసి చీలిక కనిపించినా, గోటితో మెల్లగా మీటినప్పుడు ఖణేలుమనకుండా మందంగా పలికినా దాన్ని పక్కన పెట్టెయ్యి. చీలిన ఉక్కును బాగుచేసే విద్య లేదు. తుప్పు వీపు మీద ఎంత ఉన్నా ఫరవాలేదు. అంచులో గుంటలు పడితేనే ప్రమాదం, ఎందుకంటే నూరుతున్నకొద్దీ ఆ గుంట అంచు మీదికి వచ్చి అక్కడ పన్ను ఊడినట్టు ఊడుతుంది.

శుభ్రం చేయడం సబ్బునీళ్లతో మొదలుపెట్టి, వెంటనే తుడిచి, కుట్టుమిషను నూనె పట్టించి ఒక రాత్రి ఉంచు. మరునాడు సగం తుప్పు గుడ్డకే వచ్చేస్తుంది. మీ అత్తయ్య ఇత్తడి బిందెలకు పెట్టినట్టు చింతపండు పెట్టమని ఎవరైనా చెబితే వినవద్దు, వెనిగర్ కూడా వద్దు. పులుపు ఇత్తడికి మెరుగు, ఉక్కుకు తిండి. తుప్పుతో పాటు మంచి ఉక్కును కూడా తిని బూడిదరంగు మరక మిగులుస్తుంది. ఎర్ర తుప్పును తీసివేయాలి. నల్లని మచ్చ గట్టిగా అంటుకొని కదలకుండా ఉంటే దాన్ని ఉండనివ్వు. ఆ నలుపు కత్తికి హాని చేయదు, దాన్ని పూర్తిగా తీయాలంటే చుట్టూ ఉన్న ఉక్కునంతా ఆ లోతుకు దించాలి.

రుద్దడానికి కావలసినది పెయింటర్లు వాడే వాటర్ పేపర్. అంగడిలో తమిళంలో ఉప్పుత్తాళ్ అని అడిగితే మామూలు గరుకు కాగితం చేతిలో పెడతారు, కనుక నీళ్లలో తడిపి వాడేది కావాలని విడమరచి చెప్పు. 400, 600, 800, 1000, 1500, 2000 నంబర్లు తీసుకో, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ముందుగా అంచు మొత్తానికి రెండు పొరల మాస్కింగ్ టేపు వెయ్యి. ఇది మరచినవాళ్లకు వేలు గుర్తుచేస్తుంది. కత్తిని గాలిలో పట్టుకొని ఎన్నడూ రుద్దవద్దు, చదునైన చెక్క మీద పరచి, అవతలి అంచు జారకుండా చిన్న బద్ద ఒకటి అడ్డం పెట్టుకో. కాగితాన్ని సీసా బిరడా ముక్కకు చుట్టి, నూనె చుక్క వేసి, వీపు నుంచి అంచు వైపుకే లాగాలి, అంచు నుంచి వీపుకు కాదు. ఒక నంబరుతో అంతా ఒకే దిశలో గీతలు పడిన తరువాత, తరువాతి నంబరుతో కాస్త ఏటవాలుగా రుద్దు. పాత గీతలు ఒక్కటి కూడా కనిపించనంత వరకు ఆ నంబరు వదలకూడదు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. 400 గీతలు మిగిలి ఉండగానే 1000కి దూకుతారు, చివరికి మెరుపు మధ్య నుంచి ఆ గీతలు వెక్కిరిస్తాయి. మూడో కత్తికి 400తోనే రెండు సాయంత్రాలు పడుతుంది. సోలింగెన్ దానికి 400 ముట్టుకోవద్దు, 1000 నుంచి చాలు. దాని మీద సన్నని బంగారు పూత అక్షరాలు ఉన్నాయని నాకు గుర్తు. లోహానికి మెరుగు పెట్టే బ్రాసో ఒక్క నిమిషం రుద్దితే ఆ పూత ఉండదు, ఆ భాగాన్ని సబ్బునీళ్లతో తుడిచి వదిలెయ్యి. మిగతా చోట్ల చివర బ్రాసో గుడ్డ చాలు.

వీపును మాత్రం వీలైనంత వరకు తాకకు. రాతి మీద నూరేటప్పుడు వీపు, అంచు రెండూ ఒకేసారి రాతికి ఆనుతాయి. అంచు కోణాన్ని నిర్ణయించేది వీపు మందమే. మెరుపు కోసం వీపును ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అరగదీస్తే, ఆ తరువాత ఎంత మంచి రాయి తెచ్చినా అంచు సమానంగా కుదరదు.

ఇక పిడి. సోలింగెన్ కత్తి మీగడ రంగు పిడిని ఏనుగు దంతం అనుకొని నీవు సంబరపడినట్టున్నావు. అది సెల్యులాయిడ్, పాతకాలపు ప్లాస్టిక్. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడు, కర్పూరం వాసన వస్తుంది. ఆ వస్తువు తయారీలో కర్పూరం వేస్తారు. కాల్చిన సూదితో గుచ్చి పరీక్షించమనేవాళ్లు ఉన్నారు, ఆ పని చేయకు, భగ్గున అంటుకుంటుంది. సెల్యులాయిడ్ ముసలిదయ్యేకొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. కత్తి మూసి ఉన్నప్పుడు పిడి మధ్య ఉండే భాగమే తుప్పు పట్టి, కత్తిని పిడికి బిగించే చీల ఆకుపచ్చగా మారితే అది ఆ ఆవిరి పనే. అలాంటి పిడిని తీసి వేరే చెక్క పిడి వేయడం మేలు. షెఫీల్డు దానిది కొమ్ము పిడి, ఎండి వంగింది. నూనె పట్టించి కొన్నాళ్లు ఉంచితే కొంత సర్దుకుంటుంది. నిజమైన దంతపు పిడి అని ఎవరైనా అమ్మజూపితే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దంతం వ్యాపారం నేరం. చీల విప్పడం మొదటి కత్తికే పెట్టుకోవద్దు. దాని తలను ఆకురాయితో అరగదీసి, సన్నని పంచ్‌తో తట్టి బయటికి తీయాలి, మళ్లీ వేసేటప్పుడు ఇత్తడి తీగ తలను చిన్న సుత్తితో వందసార్లు మెల్లగా తట్టాలి. ఒక్క దెబ్బ గట్టిగా పడితే పిడి పగులుతుంది. అది నా దగ్గర కూర్చొని నేర్చుకో.

మెరుపు వచ్చినంత మాత్రాన కత్తి తయారైనట్టు కాదు. 1000 గ్రిట్ (గరుకు నంబరు) సానరాయి మీద అంచు కుదరాలి. అంచు మీద మార్కర్ పెన్నుతో గీసి, రాతి మీద రెండుసార్లు తోసి చూడు. సిరా ఎక్కడ మిగిలిందో అక్కడ అంచు రాతికి ఆనడం లేదని అర్థం. అంచే ముందు నడిచేలా, బరువు వేయకుండా, పిడి వైపు ఉండే మడమ నుంచి కొన దాకా జారుస్తూ తోయాలి. ఈ రాతి మీదనే ముంజేతి వెంట్రుకలు తెగేటంత పదును రాకపోతే, పైరాళ్లకు వెళ్లి లాభం లేదు. ఆ తరువాత 4000, 8000, వీలుంటే 12000. రాయి కూడా గుంటపడుతుంది కనుక, దాని మీద పెన్సిలుతో గళ్లు గీసి, అద్దం మీద పరచిన వాటర్ పేపర్ మీద అవన్నీ చెరిగే దాకా రుద్దుతూ ఉండాలి. చివరిది తోలు పట్టీ. అక్కడ మాత్రం వీపే ముందు నడవాలి, లేదంటే తోలు తెగుతుంది. నేను మూడు తోళ్లు కోసిన తరువాతే నేర్చుకున్నాను.

కొత్తగా కొన్న పాత కత్తి ఎవరి గడ్డం మీద తిరిగిందో మనకు తెలియదు, కనుక గీసుకునే ముందు సబ్బుతో కడిగి స్పిరిట్‌తో తుడువు. మన దేశంలో హెచ్ఐవీ మొదట బయటపడినది ఈ ఊళ్లోనే, 1986లో. ఆ తరువాతి ఏళ్లలో సెలూన్లు బ్లేడు ముక్క మార్చే కత్తులకు మారాయి, పాతవి మూలపడ్డాయి. వాడిన ప్రతిసారీ కత్తిని పూర్తిగా ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక చుక్క పూయాలి. ఈ ఊరి ఉప్పుగాలికి ఒక్క రాత్రి చాలు. తోలు సంచిలో మాత్రం దాచవద్దు, అది తేమను పట్టి ఉంచుతుంది.

మూడో కత్తిని 800 నంబరు దాకా తెచ్చి, 1000 మొదలుపెట్టక ముందు నాకు చూపించు. ఏ ఆదివారమైనా ఇంట్లోనే ఉంటాను. వచ్చేటప్పుడు ఆ సోలింగెన్ కత్తిని మిగతా రెంటితో కలిపి ఒకే డబ్బాలో పెట్టి తేవద్దు, దాని పిడి ఆవిరి వాటికి కూడా తగులుతుంది.

ఇట్లు,
మీ మామయ్య