కింది బోల్టు సంగతి ఏదీ?

తమ్ముడూ,

నీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి స్టార్టర్ (ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటార్) మార్చిన వ్యాసం చదివాను. బాగుందని ఒక మాట అనేసి తప్పుకోవచ్చు గానీ, అడిగావు కాబట్టి చెప్తున్నా. సగం పైగా ఆ కారు అందం మీదే అయిపోయింది: ఎర్ర రంగు, క్రోమ్ బంపర్, ఇంగ్లండ్ పల్లె రోడ్లు. అవి ఎవరైనా రాస్తారు. ఇంటి ముందు చలిలో కారు కిందకి దూరి నువ్వు చేసిన అసలు పనిని మాత్రం "పాత స్టార్టర్ తీసి కొత్తది బిగించాను" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు.

కింది బోల్టు సంగతి ఏదీ? స్టార్టర్‌ని పట్టి ఉంచే రెండిట్లో పైది నయం, బానెట్ ఎత్తి పైనుంచి ఎలాగోలా అందుకోవచ్చు. కిందిది వెల్లకిలా పడుకుని, సరిగ్గా కనపడకపోయినా వేళ్లతో తడుముకుంటూ విప్పాలి. స్పానర్ ఒక్కోసారికి కాస్తంతే తిరుగుతుంది, మళ్లీ తీసి మళ్లీ పెట్టాలి. పైగా అక్కడ 9/16 అంగుళాల స్పానరే కావాలి, మిల్లీమీటర్ల సెట్‌లో 14 ఎక్కదు, 15 ఎక్కినట్టే ఎక్కి బోల్టు తల మూలలు అరగదీస్తుంది. ఇంత వివరంగా రాస్తే చదివేవాడి మోచేతులు కూడా నొప్పెడతాయి.

ఇంకోటి, నీ కారు ఏ ఏడాదిదో ఎక్కడా చెప్పలేదు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన బండి అది, మధ్యలో 1967 చివర్లో స్టార్టర్ రకమే మారిపోయింది. అంతకు ముందువాటిలో మోటార్ గిర్రున తిరగ్గానే చిన్న పళ్లచక్రం షాఫ్టు మీది థ్రెడ్ వెంట దూకి ఇంజన్ వెనక ఉండే ఫ్లైవీల్ పళ్లలో పడుతుంది, సొలినాయిడ్ (కీ తిప్పగానే మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) వేరే చోట ఉంటుంది. తర్వాతవాటిలో సొలినాయిడ్ మోటార్ మీదే కూర్చుని, ముందు పళ్లు కలిపాకే మోటార్‌ని తిప్పుతుంది. నువ్వు విప్పింది ఏది? బ్యాటరీ దగ్గరా ఇదే తంటా. "ముందు నెగటివ్ వైరు తీయాలి" అని రాశావు. 1965 బండిలో బాడీకి కలిపి ఉండేది పాజిటివ్, నీ మాట నమ్మినవాడి స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలే. "ఎర్త్ వైరు" అని రాయి, ఏ ఏడాది బండికైనా సరిపోతుంది.

అన్నిటికన్నా నాకు వెలితిగా అనిపించింది వేరే. కీ తిప్పితే టిక్కుమని ఊరుకుంది, వెంటనే కొత్త మోటార్ ఆర్డర్ పెట్టావు. మోటారే పోయిందని ఎలా తెలిసింది? సీట్ల వెనక బ్యాటరీ టెర్మినల్స్ చూశావా? ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ స్ట్రాప్ చూశావా? ఆ పట్టీ తెగితే స్టార్టర్ లాగే కరెంటంతా డాష్‌బోర్డ్ నుంచి ఇంజన్‌కి వెళ్లే చోక్ కేబుల్ లాంటి దారి వెతుక్కుంటుంది, ఒక్కోసారి ఆ కేబుల్ కాలి పొగలొస్తాయి కూడా. ఇవన్నీ ఒక్కొక్కటే చూసి కొట్టేసుకుంటూ మోటార్ దాకా వస్తే చదివేవాడికి టెన్షన్ ఉంటుంది, పేజీ వదలడు. ఏదీ చూడకుండానే కొన్నావా? అయితే అదే రాసేయ్, ఇంకా బాగుంటుంది.

కొత్తది గేర్ రిడక్షన్ రకం (చిన్న మోటారే, లోపలి గేర్లతో బలం పెంచుకుంటుంది) అన్నావు. పాతదీ అదీ చెరో చేత్తో పట్టుకుని బరువు చూసే ఉంటావుగా, ఆ ముక్క ఎందుకు వదిలేశావు?

తిరగరాసి పంపు. కారు అందం మీద ఒక పేరా ఉంచుకో. ఒక్కటే.