బోరు నీళ్ల వాసన: ముందు వాటర్ హీటర్ చూడండి

టెక్సాస్ హిల్ కంట్రీలో రాంచ్ ఇంటికి మారాక బోరు నీళ్లు కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నాయన్నారు కదండీ, టెన్షన్ పడకండి. వాసన వేడి నీళ్లలోనేనా, చన్నీళ్లలో కూడానా? వేడి నీళ్లలోనే అయితే తేడా సాధారణంగా వాటర్ హీటర్‌లోనే ఉంటుంది. అందులో ట్యాంకు తుప్పు పట్టకుండా పెట్టే మెగ్నీషియం రాడ్ ఉంటే, నీటిలోని సల్ఫేట్, బ్యాక్టీరియాతో కలిసి ఆ కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. ప్లంబర్‌తో అల్యూమినియం-జింక్ రాడ్ వేయించండి, మా ఇంట్లో దాంతోనే పోయింది. చన్నీళ్లూ వాసనొస్తే బోరును క్లోరిన్‌తో శుద్ధి చేయించాలి.

నాకు అసలు భయం మీ నెలల పాప గురించే. చుట్టూ పశువులు మేసే నేల, పైగా సొంత బోరును ప్రభుత్వం పరీక్షించదు. పేడ లాంటివాటి నుంచి నీళ్లలోకి చేరే కోలిఫాం బ్యాక్టీరియాకీ, పసిపిల్లలకు ప్రమాదకరమైన నైట్రేట్‌కీ పరీక్షలు వెంటనే చేయించండి, తర్వాత ఏటా. మరిగిస్తే నైట్రేట్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఫలితం వచ్చేదాకా పాపకి పాలపొడిని బయట కొన్న బాటిల్ నీళ్లతోనే కలపండి.