ఎక్సెల్‌లో రెండు షరతులు పెడితే ఫిల్టర్ ఖాళీగా వస్తోందా?

చిక్కంతా మీరు ప్రశ్న రాసిన తీరులోనే ఉంది. "పెండింగ్ బిల్లులూ, గడువు దాటిన బిల్లులూ రెండూ కావాలి, ఆండ్ పెడితే ఒక్క వరుసా రావడం లేదు, ఫిల్టర్ ఫంక్షన్‌లో పెడితే వాల్యూ దోషం వస్తోంది" అన్నారు. మాటల్లో మనం రెండింటినీ కలిపే చెబుతాం కాబట్టి చెయ్యి ఆండ్ (రెండు షరతులూ నిజం కావాలి) వైపే పోతుంది. ఎక్సెల్ మాత్రం ఒక్కో వరుసనూ విడిగా పట్టుకుని అడుగుతుంది. ఒకే గడిలో "పెండింగ్", "గడువు దాటింది" రెండూ ఎలా ఉంటాయి? మీకు కావలసింది ఆర్, అంటే రెండింటిలో ఏ ఒక్కటి నిజమైనా చాలు.

అలాగని ఫిల్టర్ లోపల ఆర్ ఫంక్షన్ పెట్టినా పని జరగదు. ఆండ్, ఆర్ రెండూ వరుసలన్నింటినీ కలిపి ఒకే ఒక్క జవాబు చెబుతాయి. ఫిల్టర్‌కు వరుసకొక జవాబు కావాలి. ఆ దోషం అందుకే. ఆండ్ బదులు గుణకారం, ఆర్ బదులు కూడిక వాడండి. షరతు నిజమైతే 1, కాకపోతే 0గా లెక్క. ఫలితం సున్నా అయితే వరుస పోతుంది, కాకపోతే ఉంటుంది. సి నిలువు వరుసలో బిల్లు స్థితి, డిలో మొత్తం ఉన్నాయనీ, 10000 దాటిన బిల్లులే కావాలనీ అనుకుందాం.

=ఫిల్టర్(ఎ2:డి500, ((సి2:సి500="పెండింగ్")+(సి2:సి500="గడువు దాటింది"))*(డి2:డి500>10000), "ఏమీ లేవు")

కూడిక చుట్టూ ఉన్న అదనపు కుండలీకరణాలు చూశారా? ఒకసారి నేను వాటిని వదిలేశాను. గుణకారం ముందు జరుగుతుంది కనుక 10000 షరతు గడువు దాటిన వాటికే తగిలింది, పెండింగ్ బిల్లులు చిన్నవీ పెద్దవీ అన్నీ వచ్చేశాయి. జాబితా నిండుగా కనిపించడంతో అనుమానం రాలేదు. 40 రూపాయల బాకీ ఉన్న మనిషికి కూడా హెచ్చరిక లేఖ వెళ్లింది. ఆయన వెంటనే కట్టేశారు, నేనే తల ఎత్తుకోలేకపోయాను. ఖాళీగా వచ్చే ఫిల్టర్ కన్నా ఇలా నిండుగా వచ్చే తప్పుడు ఫిల్టరే ప్రమాదం.

"వద్దు" అన్నప్పుడు ఇదంతా తిరగబడుతుంది. "రద్దయినవి గానీ వాపసు వచ్చినవి గానీ వద్దు" అనుకుని రెండు <> (సమానం కాదు) షరతులను కూడితే ఒక్క వరుసా తగ్గదు. రద్దయిన బిల్లు వాపసు కాదు కదా, ఆ రెండో షరతు పట్టుకుని లోపలికి వచ్చేస్తుంది. అక్కడ గుణకారమే పెట్టాలి.

నమ్మకం కుదరకపోతే అదే షరతును పక్క నిలువు వరుసలో, సి2, డి2 గడులకు మాత్రమే రాసి కిందికి లాగండి. 1, 0 కనిపిస్తాయి. 1 రావలసిన చోట 0 ఉంటే చాలాసార్లు పదం చివర కంటికి కనబడని ఖాళీ ఉంటుంది. మామూలు ఖాళీ అయితే ట్రిమ్ ఫంక్షన్ వాడితే పోతుంది.

ఎక్సెల్ 2019, అంతకు ముందు వాటిలో ఈ ఫిల్టర్ ఫంక్షన్ లేదు. అడ్వాన్స్‌డ్ ఫిల్టర్ ఉంది: ఒకే వరుసలో రాసిన షరతులు ఆండ్, వేర్వేరు వరుసల్లో రాసినవి ఆర్. షరతుల పరిధిలో పొరపాటున ఒక ఖాళీ వరుస కలిసిందా, పట్టిక మొత్తం అలాగే తిరిగొస్తుంది.