చికెన్ షాపు వేస్ట్ దాణాగా పనికొస్తుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, చీపురుపల్లి దగ్గర నాకు చికెన్ షాపు ఉంది. పేగులు, తలకాయలు, ఈకలు రోజూ బస్తాల్లో మిగులుతున్నాయి, గెడ్డలో పోస్తే ఊళ్లో గొడవ. ఉడకబెట్టి పెరటి కోళ్లకు పెట్టమని ఒకరు, చేపల చెరువుకు అమ్మేయమని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దండి. అందులో మంచి ప్రోటీన్ ఉన్న మాట నిజమే, దాన్ని గెడ్డపాలు చేయడం నాకూ బాధగానే ఉంటుంది. కానీ అది దాణా కావాలంటే రెండరింగ్ జరగాలి, అంటే ముక్కలు చేసి, మూసిన డ్రమ్ములో ఆవిరి ఒత్తిడితో ఉడికించి, నీరంతా ఇగిరాక కొవ్వు పిండేసి, మిగిలింది పొడి కొట్టాలి. యూరప్‌లో పాటించే కఠినమైన పద్ధతిలో ముక్క 5 సెంటీమీటర్లు దాటకూడదు, 133 డిగ్రీల వేడిలో, 3 బార్ల ఒత్తిడితో కనీసం 20 నిమిషాలు ఉడకాలి. మన పెరట్లో గుండిగ పెట్టి ఎంత మంట వేసినా నీళ్లు 100 డిగ్రీలు దాటవు కదా. ఈకలైతే ఎంత మరిగించినా కోడికి అరగవు, వాటిలో ఉండే కెరటిన్ అనే గట్టి ప్రోటీన్ ఒత్తిడిలో ఉడికితేనే విడిపోతుంది.

పెరటి కోళ్ల సంగతి ఇంకా ప్రమాదం. మీ షాపుకొచ్చే కోళ్లు ఎక్కడెక్కడి ఫారాలవో, వాటిలో ఒక్కదానికి కొక్కెర తెగులు ఉన్నా సరిగా ఉడకని పేగులతో మీ ఇంట్లోకి వచ్చేస్తుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు షాపుల వాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో మీకు నేను చెప్పక్కర్లేదు.

చెరువుకి అమ్మడం అసలు ఆలోచించకండి. బొచ్చె, శీలావతి పేగులు తిని పెరిగే చేపలు కావు. పచ్చి వేస్ట్ అడిగేది ఎక్కువగా క్యాట్‌ఫిష్ పెంచేవాళ్లు, అందులో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మన దేశంలో నిషేధం. కుళ్లిన మాంసం నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తుంది, ఆ చేప మళ్లీ మన కంచంలోకే వస్తుంది.

మరేం చేయాలంటే, చీపురుపల్లి, గరివిడి షాపుల వాళ్లంతా కలిసి మాట్లాడుకోండి. ఒక్క షాపు వేస్ట్ కోసం ఏ రెండరింగ్ ప్లాంటూ బండి పంపదు, అందరిదీ ఒకచోట చేరితే పంపొచ్చు. పంచాయతీ వాళ్లని కూడా కూర్చోబెట్టండి. మూత డ్రమ్ముల్లో వేసి అదే రోజు పంపాలి, కుళ్లాక దేనికీ పనికిరాదు. అది కుదిరేదాకా బావులకు దూరంగా ఊక, పేడ, వేస్ట్ పొరలుగా వేసి, కుక్కలు తవ్వకుండా పైన మందంగా కప్పి కంపోస్టు చేయండి. ఈకల బరువులో దాదాపు 15 శాతం నత్రజనే, అంచేత కొన్ని నెలలు బాగా మాగితే జీడి, కొబ్బరి తోటలకు మంచి ఎరువు.

ప్రశ్న: మాది నరసన్నపేట వైపు. మా గేదె మేతకెళ్లినచోట ఎముకలు నములుతోంది. ఎముకల పొడి దాణాలో కలపమంటున్నారు, కలపనా?

జవాబు: వద్దమ్మా. ఎముకలు నమలడం ఎక్కువగా భాస్వరం తగ్గితే వచ్చే అలవాటు. రోజుకు 50 గ్రాముల మినరల్ మిక్చర్ దాణాలో కలపండి, పశువుల ఆసుపత్రిలో ఒకసారి చూపించండి. కళేబరాల ఎముకలకు అంటుకున్న కుళ్లు మాంసంలో బొటులిజం విషం ఉంటే కాళ్లు చచ్చుబడి గేదె చనిపోతుంది, కాబట్టి ముందు అటువైపు తోలడం మానేయండి. పశువుల మాంసం, ఎముకల పొడి పశువులకే పెట్టడం వల్లే బ్రిటన్‌లో పశువుల మెదడు పాడుచేసే మ్యాడ్ కౌ జబ్బు పాకింది. 1986లో అది బయటపడింది, 1988లో ఆ మేతను అక్కడ ఆపేశారు, 1996లో మనుషులకూ సోకుతోందని తేలింది. ఆ జబ్బు కారకం మామూలు ఉడుకుకి చావదు. మన దేశంలో ఆ జబ్బు లేదు, రాకూడదనే పాడి పశువుల దాణాలో ఆవు, గేదె, పందుల మాంసం పొడి, ఎముకల పొడి, రక్తం పొడి కలపకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. దాణా బస్తా కొనేటప్పుడు లేబుల్ చదివించుకోండి, నాణ్యతకిచ్చే బీఐఎస్ గుర్తు ఉందో లేదో చూడండి.