మెషిన్ ఎక్కి దిగాకే రోజు మొదలవుతోంది.. మానేయాలా?

ప్రశ్న: మేడమ్, నా వయసు 38. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో ఉంటాం, రాయదుర్గంలో ఆఫీసు. సంక్రాంతి తర్వాత 79 కిలోలతో డైట్ మొదలుపెట్టాను. 74 దాకా వచ్చి నెల రోజులుగా అక్కడే ఆగిపోయాను. మా అత్తయ్యకు గుండె బలహీనంగా ఉంది, రోజూ బరువు చూసి రాసుకోమని డాక్టర్ చెప్పారు. అందుకని మా వారు డిజిటల్ మెషిన్ కొన్నారు. అత్తయ్య దిగగానే నేనూ ఎక్కుతున్నాను. మొదట్లో పొద్దున ఒక్కసారే. ఇప్పుడు ఆఫీసు నుంచి రాగానే, పడుకునే ముందు కూడా. మా వారు కాఫీ తాగుతూ "ఇవాళ ఎంత?" అని అడుగుతారు. పెరిగితే ఆ రోజంతా చిరాకే. మొన్న ఆదివారం ఒక ఫంక్షన్‌లో బిర్యానీ తిన్నాను. సోమవారం 1.8 కిలోలు ఎక్కువ చూపించింది. పగలంతా పస్తున్నాను. రాత్రి పదకొండింటికి వంటింట్లో నిలబడే అన్నం, చిప్స్, పాప బిస్కెట్లు అన్నీ తినేశాను. ఇలా నాలుగైదు సార్లు అయింది. జిమ్‌లో ట్రైనరేమో రోజూ చూసుకోవాల్సిందే అంటాడు. మా అక్క ఆ మెషిన్ బయట పడెయ్ అంటుంది. కార్తీకంలో తమ్ముడి పెళ్లి ఉంది. బరువు చూసుకోవాలా, వద్దా? అన్నట్టు, ఆరో తరగతి చదివే మా పాప కూడా ఈ మధ్య స్కూలుకు వెళ్లే ముందు మెషిన్ ఎక్కుతోంది. డబ్బాలో పెరుగన్నం పెట్టొద్దంటోంది.

జవాబు: ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేస్తాను. దసరా దాకా మీరు మెషిన్ ఎక్కొద్దు. అలాగని దాన్ని బయట పడేయడానికీ లేదు, అది మీ అత్తయ్యకు కావాలి.

మీ ట్రైనర్ ఉన్నమాటే చెప్పాడు. అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్టర్ నడుస్తోంది. కనీసం పదమూడున్నర కిలోలు తగ్గి, ఏడాదికి పైగా మళ్లీ పెరగకుండా నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు అందులో చేరుస్తారు. వాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటామని చెప్పారు. చూసుకోవడం వల్ల నిలబడ్డారా, నిలబడుతోందన్న ఉత్సాహంతో చూసుకుంటున్నారా అన్నది దీన్నిబట్టి తేల్చలేం. అయినా కొంతమందికి ఈ అలవాటు బాగా పనికొస్తుందన్నది నిజమే. నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ ఉన్నారు. పొద్దున అంకె చూస్తారు, కాస్త పెరిగిందనిపిస్తే రాత్రి ఒక చపాతీ తగ్గిస్తారు, ఆ సంగతి మర్చిపోయి ఆఫీసుకు వెళ్లిపోతారు.

అందుకే "చూసుకోవాలా వద్దా" అని ఎవరైనా అడిగితే నేను ఇంకో ప్రశ్న వేస్తాను. చివరిసారి అంకె చూసిన తర్వాత ఆ పూట ఏం చేశారు? మీ ఉత్తరంలోనే దీనికి జవాబుంది. పగలు పస్తు, రాత్రి పదకొండింటికి వంటిల్లు.

ఇక మీ అత్తయ్య సంగతి చూడండి. ఆవిడ పొద్దున్నే మెషిన్ ఎక్కి, దిగి, పుస్తకంలో రాస్తారు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయమని డాక్టర్ చెప్పే ఉంటారు. గుండె బలహీనమైనవాళ్లకు బరువు అలా గబగబా పెరిగిందంటే ఒంట్లో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. అప్పుడు డాక్టర్ చూసి, అవసరమైతే నీరు తీసే మాత్ర మోతాదు మారుస్తారు. అంతే. రాత్రి ఏం తిన్నారని ఆవిడను ఎవరూ నిలదీయరు. ఆవిడ కూడా టిఫిన్ మానేసి తనకు తాను శిక్ష వేసుకోరు. పది నిమిషాల తర్వాత అదే మెషిన్ మీద అదే రెండు కిలోలు మీకు కనిపిస్తే మాత్రం ఇంట్లో గాలే మారిపోతుంది. చాలావరకు అది కూడా నీరే. కానీ మీ అంకె చూడటానికి డాక్టర్ లేడు, జడ్జీలు మాత్రం ఇద్దరున్నారు. ఒకరు మీ వారు, రెండోది మీరే.

నీరే అని ఎందుకంటున్నానో లెక్క చెబుతాను. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 1.8 కిలోల కొవ్వు పట్టాలంటే మీ ఒంటికి ఖర్చయ్యేది పోను ఇంకా 13,000 పైచిలుకు కేలరీలు ఒక్క ఆదివారంలో తినాలి. బిర్యానీ మారు వడ్డించుకుని, పైన డబుల్ కా మీఠా రెండు సార్లు వేయించుకున్నా అంత దూరం వెళ్లలేరు. మెషిన్ చూపించిన దాంట్లో కొంత ఇంకా పేగుల్లో ఉన్న తిండి. కొంత ఉప్పు పట్టి ఉంచిన నీరు. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు మించొద్దని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. బిర్యానీ, మిర్చీ కా సాలన్, అప్పడం, పచ్చడి కలిస్తే ఫంక్షన్ హాల్లో ఒక్క పూటకే ఆ గీత దాటిపోవచ్చు. మిగతాది అన్నం పని. అన్నంలోని పిండి పదార్థం కొంత గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీరు దానితో పాటే ఉంటుంది.

సోమవారం పగలంతా మీరు ఏమీ తినలేదు. నిల్వ కొంత ఖర్చయింది, దాంతో పాటు నీరూ పోయింది. సాయంత్రం మెషిన్ ఎక్కితే తగ్గినట్టు కనిపించే ఉంటుంది. అసలు చిక్కంతా ఇక్కడే. పస్తుంటే మెషిన్ వెంటనే మెచ్చుకుంటుంది. అదే జిమ్‌లో కొత్త వ్యాయామం చేసి, తొడలు పట్టేసి, మర్నాడు మెట్లు దిగలేక అవస్థ పడుతుంటే ఆ కండరాల్లో నీరు చేరి బరువు పెరిగినట్టు చూపిస్తుంది. చేయకూడని పనికి శభాష్, చేయాల్సిన పనికి చీవాట్లు. నెలసరికి ముందు రోజుల్లో చాలామందికి కిలో, ఒక్కోసారి రెండు కిలోలు పెరుగుతుంది. ఇక రాత్రిపూట చూసే బరువుకైతే అర్థమే లేదు. అర లీటరు మజ్జిగ తాగితే అర కిలో పెరిగినట్టే కదా!

మీరు ఆరు నెలల్లో 5 కిలోలు తగ్గారు. అంటే సగటున రోజుకు పాతిక గ్రాములకు కాస్త ఎక్కువ. మీ మెషిన్‌లో కనిపించే అతి చిన్న తేడా బహుశా 100 గ్రాములు. రోజూ కిలో అటూ ఇటూ ఊగే అంకెలో ఆ పాతిక గ్రాముల కోసం మూడుసార్లు వెతుకుతున్నారు. దొరకదు. తగ్గుదల ఉండదని కాదు, దాన్ని ఒక రోజులో చూపించే శక్తి ఆ యంత్రానికి లేదు.

మా చిన్నప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో రంగు లైట్లు వెలిగే బరువు మెషిన్ ఉండేది. బిళ్ల వేస్తే చిన్న అట్టముక్క పడేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. "మీకు త్వరలో శుభవార్త" లాంటివి. బరువు చూసేవాళ్లం కాదు, జాతకం కోసమే కొట్లాడుకునేవాళ్లం. ఇప్పటి మెషిన్లు అంకె ఒక్కటే చూపిస్తున్నాయి. జాతకం మీరు రాసుకుంటున్నారు, అదీ రోజుకు మూడుసార్లు.

ఇప్పుడు చేయాల్సిన పని. మెషిన్‌ని అత్తయ్య గదిలోకి మార్చండి, ఆవిడ మంచం కిందకి. ఎందుకో ఆవిడకు చెప్పండి. "నేను అడిగినా ఇవ్వకండి అత్తయ్యా" అనండి. పెద్దవాళ్లకు ఇలాంటి కాపలా పని అప్పగిస్తే ఎంత శ్రద్ధగా చేస్తారో మీకు తెలియనిది కాదు. మొదటి వారం చేతులు పీకుతాయి. ఒకటి రెండుసార్లు ఎక్కేస్తారేమో కూడా. ఎక్కితే ఎక్కారు, ఆ రోజు అన్నం మాత్రం మానకండి.

ఏదో ఒక కొలత లేకపోతే మీకు తోచదని తెలుసు. రెండు వారాలకోసారి టైలర్ టేపుతో నడుము కొలుచుకోండి. బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక, ప్రతిసారీ ఒకేచోట. మన దేశపు ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు, కాబట్టి ఆరోగ్యపరంగానూ పనికొచ్చే కొలతే. మెట్రోలో వెళితే అమీర్‌పేటలో లైను మారతారు కదా, అక్కడ ఎస్కలేటర్ వదిలి మెట్లెక్కి ఎంత ఆయాసం వస్తోందో గమనించండి. పెళ్లి బ్లౌజు మాత్రం "అప్పటికి తగ్గుతాను కదా" అని బిగుతుగా కుట్టించకండి. ఈ మాట మీదే ఎన్ని ఇళ్లలో పెళ్లిళ్ల ముందు ఏడుపులు చూశానో! ఇప్పటి కొలతకే కుట్టించి, లోపల కుట్టు వదలమనండి.

దసరా నాటికి ఆ రాత్రి తిండి ఆగిపోయి ఉంటే, అప్పుడు కావాలంటే వారానికి ఒకసారి చూసుకోండి. ఒకే రోజు, పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు. పోయిన వారంతో పోల్చొద్దు, పోయిన నెలలో ఇదే వారంతో పోల్చండి. అప్పుడు నెలసరి నీటి గొడవ చాలావరకు తప్పుతుంది. ఆ అంకె చూసి మళ్లీ ఒక్క పూట భోజనం మానేశారంటే, మెషిన్ తిరిగి మంచం కిందకే. ఈలోపు ఆసుపత్రికి వెళితే, అంకె నాకు చెప్పొద్దని అడిగి, వెనక్కి తిరిగి నిలబడవచ్చు. సిస్టర్ చూసి రాసుకుంటారు. నెల రోజులుగా బరువు ఆగిపోవడం డైట్‌లో మామూలే. ఒళ్లు తగ్గే కొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది. నీరసం, జుట్టు రాలడం, నెలసరి తేడాలు కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

రాత్రి తిండి విషయంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పగలంతా మాడ్చిన కడుపు రాత్రి తిరగబడింది. టిఫిన్, మధ్యాహ్న భోజనం సరిగ్గా తింటే చాలామందికి ఇది చాలావరకు సర్దుకుంటుంది. వేళకు తింటున్నా ఆపుకోలేక, ఎవరూ చూడకుండా, వారానికోసారైనా ఇలా జరుగుతూ ఉంటే, లేదా తిన్నది కక్కేయాలనిపిస్తే సైకాలజిస్టును గానీ సైకియాట్రిస్టును గానీ కలవాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

మీ వారు చెడ్డ ఉద్దేశంతో అడుగుతున్నారని నేను అనుకోను. క్రికెట్ స్కోరు అడిగినట్టు అడుగుతున్నారు, అంతే. అది మీకెలా తగులుతోందో ఆయనకు తెలిసి ఉండదు. గొడవ పడుతున్నప్పుడు కాకుండా, తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి. "ఏమండీ, రేపటి నుంచి నన్ను అంకె అడగొద్దు. నాకు సాయం చేయాలనుంటే రాత్రి భోజనమయ్యాక పార్కు దాకా నాతో నడవండి." ఇంతకంటే పొడుగ్గా చెబితే వాదన మొదలవుతుంది. మర్చిపోయి అడిగినా జవాబు చెప్పకండి. నాలుగు రోజులు జవాబు రాకపోతే అలవాటు పోతుంది.

ఇక మీ పాప. "అన్నట్టు" అని చివర్లో రాశారు గానీ, ఉత్తరం అక్కడికి వచ్చాక నేను మళ్లీ మొదటి నుంచి చదివాను. దసరా దాకా మెషిన్ వద్దని మీకు అంత గట్టిగా చెప్పడానికి సగం కారణం ఆ రెండు వాక్యాలే. పదకొండు, పన్నెండేళ్ల ఆడపిల్ల బరువు పెరగాలి. ఎత్తు సాగుతుంది, రజస్వల కావడానికి ముందు ఒంట్లో కొవ్వు కూడా కొంత చేరుతుంది. ఆ వయసులో "పెరిగాను" అని భయపడటం అంటే ఎదుగుతున్నందుకు భయపడటమే. డైటింగ్ అలవాటు అక్కడ మొదలైతే వదిలించడం చాలా కష్టం. తన బరువు సరిగ్గా ఉందో లేదో పిల్లల డాక్టర్ ఎత్తుతో, వయసుతో కలిపి చార్టులో చూస్తారు, మెషిన్ మీద ఒంటరి అంకెతో కాదు.

"నువ్వు లావు లేవులే" అని ఊరుకుంటే సరిపోదు. అమ్మ కూడా లావుగా కనిపించడం లేదు తనకు, అయినా అమ్మ రోజుకు మూడుసార్లు ఎక్కుతోంది. పక్కన కూర్చోబెట్టుకుని "ఆ మెషిన్ నానమ్మ మందుల కోసం కొన్నది. నేను ఊరికే ఎక్కుతూ టెన్షన్ పడ్డాను, ఇక ఎక్కను" అని చెప్పండి. స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారేమో మెల్లగా అడగండి. అద్దం ముందు మీ పొట్ట గురించి మీరు విసుక్కోవడం తన ముందు ఆపండి. నెల తర్వాత కూడా పూటలు మానేస్తుంటే, కళ్లు తిరుగుతున్నాయంటే, తిన్నాక బాత్రూంలో తలుపేసుకుంటుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

రేపు తన డబ్బాలో పెరుగన్నం పెట్టండి, దానిమ్మ గింజలు వేసి. మీ డబ్బాలో కూడా అదే పెట్టుకున్నారని తనకు కనిపించేలా మూత పెట్టండి.