గోధుమ మానేసినా తగ్గని సీలియాక్

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి 29 ఏళ్లు. 14 నెలల క్రితం ఎండోస్కోపీ చేసి, పేగు ముక్క పరీక్షించి సీలియాక్ జబ్బు అన్నారు. ఆ రోజు నుంచి గోధుమ పిండి, మైదా, రవ్వ, సేమియా ఇంట్లోకి రానివ్వలేదు. అన్నం, జొన్న రొట్టె, ఎప్పుడైనా సర్వపిండి, పండుగకు సకినాలు, ఇవే పెడుతున్నాను. అయినా రోజుకు నాలుగైదు విరేచనాలు అవుతున్నాయి, బరువు పెరగడం లేదు, రక్తం తక్కువగానే ఉంది. ఇది పథ్యానికి లొంగని రకమా? ఫలితం లేనప్పుడు పథ్యం మానేయవచ్చా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, పథ్యం మాత్రం ఆపకండి. గోధుమ, బార్లీ వంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక చిన్న పేగు లోపలి పొర దెబ్బతినే జబ్బే సీలియాక్. ఏడాది దాటినా గుణం కనిపించని వారిలో ఎక్కువ మందికి తెలియకుండానే గ్లూటెన్ కడుపులోకి పోతూ ఉంటుంది. అందుకే మీ ఉత్తరం చదవగానే నాకు ముందుగా గిర్నీ మీద అనుమానం కలిగింది. జొన్నల్లో, బియ్యంలో ఈ జబ్బుకు హాని చేసే గ్లూటెన్ లేదు. కానీ మీకంటే ముందు ఎవరైనా గోధుమలు పట్టించి ఉంటే, గిర్నీలో మిగిలిన ఆ పిండి మీ జొన్నపిండిలోనూ, సకినాల పిండిలోనూ కలుస్తుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలల పాటు అందినా పేగు లోపలి పొర దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలింది. అంత గ్లూటెన్ సుమారు అర గ్రాము గోధుమ పిండిలోనే, అంటే ఒక చిటికెడులోనే ఉంటుంది. కాబట్టి అమ్మాయి కోసం జొన్నలు, బియ్యం శుభ్రంగా ఏరి, కడిగి ఆరబెట్టి, ఇంట్లోనే మిక్సీలో పట్టండి.

రెండో అనుమానం ఇంగువ మీద. బజారులో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమ పిండి గాని మైదా గాని కలిపి ఉంటుంది, కాబట్టి డబ్బా మీద రాసినది చదవకుండా పోపులో వేయవద్దు. బార్లీతో చేసే మాల్ట్ పొడులు, సోయా సాస్, పూరీలు వేయించిన నూనెలో వేసిన బజ్జీలు కూడా ఇలాంటివే. మన దేశంలో గ్లూటెన్ లేదని ముద్రించాలంటే ఆ పదార్థంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్నది నియమం.

ఈలోగా సీలియాక్‌ను పట్టిచ్చే యాంటీబాడీలను కొలిచే టీటీజీ రక్త పరీక్ష మళ్లీ చేయించి, మొదటి ఫలితంతో పోల్చి చూడమనండి. ఇంకా ఎక్కువగానే ఉంటే గ్లూటెన్ ఎక్కడి నుంచో అందుతోందని బలంగా అనుమానించాలి. మామూలుగా వచ్చినంత మాత్రాన అందడం లేదని మాత్రం అనుకోకూడదు. పథ్యం నిజంగా శుభ్రంగా ఉంటే ఇతర కారణాలు వెతకాలి: పాలలోని చక్కెర అరగకపోవడం, చిన్న పేగులో బాక్టీరియా అతిగా పెరగడం, పెద్ద పేగులో కంటికి కనిపించని వాపు, క్లోమం ఎంజైములు చాలకపోవడం. వీటికి వేరువేరుగా చికిత్స ఉంది.

అసలు నిర్ధారణ సరైనదేనా అన్నది కూడా తప్పక అడగవలసిన ప్రశ్న, ఎందుకంటే దక్షిణాదిన కనిపించే ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బులోనూ, జియార్డియా అనే క్రిమి వల్లనూ పేగు పొర ఇలాగే దెబ్బతినవచ్చు. మొదట్లో టీటీజీ పాజిటివ్ రాకపోయి ఉంటే ఈ సందేహం మరింత పెరుగుతుంది. అప్పుడు డీక్యూ2, డీక్యూ8 జన్యు పరీక్ష పనికొస్తుంది. రెండూ లేకపోతే అది సీలియాక్ అయ్యే అవకాశం దాదాపు లేదు. మీ అమ్మాయికి వర్తించకపోవచ్చు గాని, బీపీకి ఓల్మిసార్టాన్ వాడే పెద్దవారిలో ఆ మందు వల్లే ఇలాంటి విరేచనాలు పట్టుకోవచ్చు. వారు డాక్టరును అడిగి మందు మార్పించుకోవాలి.

ఏడాది పాటు కచ్చితమైన పథ్యం చేసినా పేగు పొర కోలుకోక, మరో కారణం కూడా దొరకనప్పుడే నిజంగా లొంగని సీలియాక్ అంటారు. అది అరుదు, సాధారణంగా 50 దాటిన వారిలో కనిపిస్తుంది. అందులో మొదటి రకానికి ఎక్కువగా బ్యూడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ ఇస్తారు. రెండో రకం ఒక్కోసారి లింఫోమా అనే క్యాన్సర్‌గా మారవచ్చు కనుక పెద్ద ఆసుపత్రిలోనే చూపించాలి. ఏ స్టెరాయిడ్‌నూ మందుల దుకాణంలో అడిగి వాడవద్దు.

మీ దగ్గరి గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గరకు గాని, హైదరాబాద్ నిమ్స్‌లోని ఆ విభాగానికి గాని వెళ్లేటప్పుడు పాత బయాప్సీ స్లైడ్లు, వారం రోజుల పాటు అమ్మాయి తిన్నవన్నీ రాసిన కాగితం తీసుకెళ్లండి. మాత్రలతో రక్తం పెరగకపోతే ఐరన్ నరం ద్వారా ఎక్కించవచ్చేమో అప్పుడే అడగండి.