జత కట్టి అమ్మితే స్పెషల్ ఎడిషనా?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రేడియోహెడ్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు అంటే పిచ్చి. ఆ బ్యాండు గాయకుడు థామ్ యార్క్ తన సొంతపేరు మీద చేసిన మొదటి ఆల్బమ్ ‘ది ఇరేజర్’ సీడీ కొనాలని ఎప్పట్నుంచో కోరిక. మా బావ టోక్యోలో ఉంటాడు. అక్కడ ఒక పాత సీడీల షాపులో ఇరేజర్‌కి ‘స్పిటింగ్ ఫెదర్స్’ అనే ఇంకో సీడీ కలిపి, స్పెషల్ ఎడిషన్ అని చీటీ అంటించి, మామూలు రేటుకి మూడింతలు చెబుతున్నారట. “పాటలన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదరా, డబ్బులు దండగ” అంటున్నాడు బావ. తెప్పించుకోమంటారా?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: బాబూ, మీ బావ చెప్పింది సగం కరెక్టు. ముందు ఆ చీటీ సంగతి చూద్దాం. ఇరేజర్ 2006 జులైలో వచ్చింది. 9 పాటలు, మొత్తం 41 నిమిషాలు. స్పిటింగ్ ఫెదర్స్ అదే ఏడాది నవంబరులో జపాన్‌లో విడిగా విడుదలైన చిన్న సీడీ. ఇరేజర్‌లోంచి ఒక్కో పాటగా విడుదల చేసిన సింగిల్స్‌కి రెండో వైపు వేసిన పాటలు, ‘హారోడౌన్ హిల్’ పాట కాస్త సాగదీసిన రూపం అందులో ఉంటాయి. రెండూ అసలువే, కాకపోతే వాటిని జత కట్టి పేరు పెట్టింది షాపువాడు. అలాంటి దానికి మూడింతలు ఎందుకు ఇవ్వాలి?

అసలు స్పెషల్ ఎడిషన్ అంటే ఎలా ఉంటుందో రేడియోహెడ్ వాళ్లే మరుసటి ఏడాది చూపించారు. 2007లో ‘ఇన్ రెయిన్‌బోస్’ ఆల్బమ్‌ని నెట్‌లో ఎవరికి తోచినంత ఇచ్చి తీసుకోమని పెట్టి, దాంతోపాటే 40 పౌండ్లకి ఒక పెట్టె కూడా అమ్మారు. రెండు ఎల్పీ రికార్డులు, సీడీ, 8 ట్రాకులతో ఇంకో సీడీ, బొమ్మలు. అది బ్యాండు వాళ్లే ఆలోచించి కట్టిన పెట్టె.

మరి మీ బావ మాటలో రెండో సగం ఎందుకు తప్పంటే, ఫోన్లో ఇరేజర్ అట్ట బొమ్మ తపాలా బిళ్లంత కనిపిస్తుంది. రేడియోహెడ్‌కి 1994 నుంచీ బొమ్మలు వేసే స్టాన్లీ డాన్‌వుడ్, నేలకి పరిచే లినోలియం పలకని ఉలితో చెక్కి, ఇంకు పూసి అచ్చు తీసిన బొమ్మ అది. పేరు ‘లండన్ వ్యూస్’. నలుపూ తెలుపే. లండన్ భవనాలన్నీ వరదలో కొట్టుకుపోతుంటే, కోటూ టోపీ పెట్టుకున్న ఒక మనిషి ఆగు అన్నట్టు నీళ్లకేసి చెయ్యి చాస్తాడు. కెరటాలని ఆగమని ఆజ్ఞాపించిన కాన్యూట్ రాజు కథ ఇంగ్లండులో పిల్లలందరికీ తెలుసు. మన కథలో రాముడు బాణం ఎక్కుపెడితే సముద్రుడు దిగొచ్చి దారిచ్చాడు. వాళ్ల కథలో సముద్రం వినదు, రాజుగారి కాళ్లు తడుస్తాయి. 2004 ఆగస్టులో ఇంగ్లండులో కార్న్‌వాల్‌లోని బోస్‌కాసిల్ ఊరిని ముంచిన వరదలు ఈ బొమ్మకి ప్రేరణ. అది చేతిలో పట్టుకుని చూడాల్సిన బొమ్మ. అందుకని ఇరేజర్ ఒక్కటీ విడిగా, మామూలు రేటుకి దొరికితే తెప్పించుకో. రెండో సీడీ పాటలు ఫోన్లో విను. అవి ఇరేజర్ వెనకే వరసగా మోగకూడదని నా అభిప్రాయం. చివరి పాట ‘సింబల్ రష్’ చిన్న చిన్న చప్పుళ్లతో మొదలై పెరిగి పెరిగి ఆగుతుంది. అది అయ్యాక ఇంకేదీ మోగకుండా ఉంటేనే బాగుంటుంది.

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. రోజూ రాత్రి గదిలో ఇరేజర్ అనే ఇంగ్లిషు పాటలు పెట్టుకుంటున్నాడు. గడియారం కొట్టుకున్నట్టు టిక్కుటిక్కుమని చప్పుడు, దానిమీద ఏడుస్తున్నట్టు ఒక మగ గొంతు. నాకు టెన్షన్‌గా ఉంది. వాడేమైనా బాధలో ఉన్నాడంటారా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీరు విన్న పాట పేరే ‘ది క్లాక్’. మీ చెవి చాలా మంచిది. ఆ గొంతు మామూలుగానే అంత. పిల్లవాడు బాగా తింటున్నాడా, నిద్రపోతున్నాడా, స్నేహితులతో మాట్లాడుతున్నాడా అన్నది చూడండి. వాటిలో తేడా వస్తే తప్పక పట్టించుకోవాలి. పాటల్ని బట్టి మాత్రం కొలవద్దు.

ఒకసారి వాడి పక్కన కూర్చుని ‘హారోడౌన్ హిల్’ దేని గురించిరా అని అడగండి. ఇరాక్ యుద్ధానికి ముందు బ్రిటన్ ప్రభుత్వం ఆయుధాల మీద ఒక నివేదిక వేసింది. దాంట్లో ఎక్కువ చేసి రాశారని బీబీసీ వార్త ఇచ్చింది. ఆ వార్తకి మూలం డేవిడ్ కెల్లీ అనే ఆయుధ నిపుణుడని పేరు బయటికొచ్చింది. పార్లమెంటు కమిటీ ముందు ఆయన్ని కూర్చోబెట్టి ప్రశ్నించారు. కొద్దిరోజులకే, 2003 జులైలో, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో హారోడౌన్ హిల్ అనే గుట్ట మీది అడవిలో ఆయన శవం దొరికింది. రేడియోహెడ్ కుర్రాళ్లు కలిసి చదువుకున్న బడి ఉన్న ఆబింగ్‌డన్ కూడా ఆ జిల్లాలోదే. ఇంటర్ కుర్రాడు రాత్రిపూట ఇలాంటిది వింటున్నాడంటే వాడికి లోకం మీద ధ్యాస ఉందనే అనుకుంటాను. ‘బ్లాక్ స్వాన్’ పాటలో మాత్రం ఒక బూతుమాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఇంగ్లిషు తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దానికి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమనండి.

ప్రశ్న: రాక్ గాయకుడై ఉండి కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్ చెయ్యడం అభిమానుల్ని మోసం చెయ్యడం కాదా? గిటార్ ఏది? డ్రమ్స్ ఏవి?
– ఒక అభిమాని, నెల్లూరు

జవాబు: అయ్యా, ఈ కోపం మీరు 2000లోనే పడి ఉండాల్సింది. ‘కిడ్ ఎ’ ఆల్బమ్ వచ్చినప్పుడే రేడియోహెడ్ గిటార్లని వెనక్కి నెట్టేసింది. ఇరేజర్‌లో వెతికితే గిటారూ ఉంది, హారోడౌన్ హిల్ మొదట్లో మంచి బేస్ లైనూ ఉంది.

టైటిల్ పాట మొదట్లో తెగి తెగి వినిపించే పియానో మీద మీ దృష్టి పడిందా? అది వాయించింది రేడియోహెడ్ గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్. యార్క్ దాన్ని చిన్న డిక్టాఫోన్‌లో రికార్డు చేసుకుని, తర్వాత ముక్కలు ముక్కలుగా కోసి అతికించి పాట చేశాడు. నేను మద్రాసులో రికార్డింగ్ థియేటర్లో అసిస్టెంటుగా ఉన్న కాలంలో ఈ పని టేపుని బ్లేడుతో కోసి చేసేవాళ్లం. ముక్క పొరపాటున కింద పడితే స్టూడియో అంతా పాకాల్సి వచ్చేది. ల్యాప్‌టాప్‌లో పాకక్కర్లేదు, అంతే. ఎక్కడ కొయ్యాలో తెలియడం అప్పుడూ ఇప్పుడూ చెవి పనే.

ఇంకో సంగతి. మైకు ముందుకి రాగానే గాయకులు మమ్మల్ని అడిగే మొదటి మాట “కొంచెం ఎకో పెట్టండి” అని. ఇరేజర్‌లో గొంతు దాదాపు పొడిగా, మన మొహం మీదే పాడుతున్నట్టు ఉంటుంది. ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తుంది. నిర్మాత నైజెల్ గాడ్రిచ్ చేసిన మేలు అది. నా లెక్కలో రాక్ పాటల్లో గిటార్ల చాటున దాక్కోవడమే తేలిక. ఇంత బోసిగా పాడాలంటే ధైర్యం కావాలి. అమ్మకాలు చూసినా అభిమానులు మోసపోయినట్టు లేదు. బ్రిటన్‌లో 3వ స్థానం, అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానం వచ్చాయి.

ప్రశ్న: ఇదే ఆల్బమ్‌కి రీమిక్స్ సీడీ ఒకటి ఉందని విన్నాను. బాగుంటుందా?
– ఒక తెలుగు శ్రోత, డల్లాస్

జవాబు: ఉందండి, 2008లో అదీ జపాన్‌లోనే వచ్చింది. ‘అండ్ ఇట్ రెయిన్డ్ ఆల్ నైట్’ పాటకి బరియల్ అనే ఎలక్ట్రానిక్ సంగీతకారుడు చేసిన రూపం, ‘ఆటమ్స్ ఫర్ పీస్’ పాటకి ఫోర్ టెట్ అనే ఇంకో సంగీతకారుడు చేసిన రూపం వినండి. మిగతావి కారులో వెళ్తూ వింటే చాలు.

ప్రశ్న: సోలో ఆల్బమ్ చేశాడంటే బ్యాండుతో గొడవపడ్డట్టేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లేదమ్మా. ఆ ‘సోలో’ అనే మాటే తనకి నచ్చదని యార్క్ విడుదలకి ముందే అభిమానులకి రాశాడు. పైగా గాడ్రిచ్ రేడియోహెడ్‌కీ నిర్మాతే. తమాషా ఏమిటంటే, ఒక్కడే చేసిన ఈ పాటల్ని వేదిక మీద వాయించడానికి 2009లో గాడ్రిచ్‌నీ, రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ అనే అమెరికా రాక్ బ్యాండులో బేస్ గిటార్ వాయించే ఫ్లీ అనే ఆయన్నీ, ఇంకో ఇద్దర్నీ కూడగట్టాల్సి వచ్చింది. ఆ గుంపుకి తర్వాత ఇరేజర్‌లోని ఆరో పాట పేరే పెట్టుకున్నారు, ఆటమ్స్ ఫర్ పీస్ అని.